సగం నల్లని తలకట్లు

మూడో తరగతి టీచరుకి పిల్లలు పెట్టిన పేరు భూతద్దం. ఆ పేరు తనకుందని ఆవిడకి తెలుసు. ఎవడు పెట్టాడో కూడా తెలుసు. వాడి నోటుబుక్కుని ఆ ఏడాదంతా మరో రెండంగుళాలు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇంటిపని పుస్తకం చేతికొస్తే ఆవిడ మొదట అక్షరాలు చూడదు. కాగితం వెనక్కి తిప్పి, పెన్ను ఎంత నొక్కి రాశారో వేలితో తడిమి చూస్తుంది. మార్జిన్ వంకర చూస్తుంది. కొట్టివేతలు ఎన్ని ఉన్నాయో చూస్తుంది, లేకపోతే ఎందుకు లేవో ఆలోచిస్తుంది. ఆ తర్వాత "ఇది మీ నాన్న రాసిందిరా" అని తేల్చేస్తుంది. నూటికి తొంభైసార్లు అది నిజమే. మిగతా పదిసార్లూ పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపునీ ఆవిడ నమ్మేది కాదు.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆవిడ అనుమానించనిది ఒక్కటే, ఇంటిపని. పిల్లల్ని అనుమానించింది, తల్లిదండ్రుల్ని అనుమానించింది, కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చినప్పుడల్లా వాటిని రాసినవాళ్ళని అనుమానించింది. రోజుకో పేజీ చూచిరాతని మాత్రం ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. చెయ్యి తిరిగితే చదువు దానంతటదే వస్తుందని ఆవిడ నమ్మకం. ఇంటిపని తేనివాళ్ళు మొదటి పీరియడంతా వరండాలో నిలబడాలి. లోపల పాఠం చదివించేది ఆ పీరియడ్‌లోనే. పోతే పోనీ, బుద్ధొస్తుంది అనేది.

ఆ బడికి ఈ ఏడాదే కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. టీచరుకన్నా పదేళ్ళు చిన్నవాడు, మెత్తగా మాట్లాడతాడు, మాట్లాడుతున్నంతసేపూ నవ్వుతాడు. అలాంటివాళ్ళంటే ఆవిడకి మొదట్నుంచీ గిట్టదు. పైగా ఆయనకి ఇంటిపని మీద అనుమానం. అనుమానించే పని ఈ బడిలో తనదొక్కదానిదే అనుకుంటున్న టీచరుకి ఇది అస్సలు మింగుడుపడలేదు.

"వచ్చే నెల నుంచి చిన్న తరగతులకి ఇంటిపని తీసేద్దామనుకుంటున్నాను టీచర్ గారూ," అన్నాడాయన సోమవారం స్టాఫ్ రూములో.

"తీసేసి?"

"ఆ టైములో క్లాసులోనే చదివిద్దాం. అది నేననుకుంటున్నది. కాదని మీరు చూపిస్తే మానేస్తాను. ఇంటిపని వల్లే చదువు వచ్చిన పిల్లల్లో ఒక్కర్ని చూపించండి."

"ఒక్కరేంటి సార్, ముప్ఫై ఆరుమందినీ చూపిస్తాను."

"ఒక్కరు చాలు. శుక్రవారం కూర్చుందాం," అని నవ్వాడు.

ఆవిడకి ఒళ్ళు మండింది. శుక్రవారం ఓడిపోతే పోయేది ఒక పద్ధతి కాదు, ఇరవై ఎనిమిదేళ్ళు. రోజుకి నలభై పుస్తకాల చొప్పున దిద్దిన పేజీలన్నీ ఉత్తవేనని నలుగురి ముందూ ఒప్పుకోవాలి.

ఎవర్ని చూపించాలో తేల్చుకోవడానికి మాత్రం ఎంతోసేపు పట్టలేదు. గుండీ అని ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. మిగిలిపోయిన గుండీలన్నీ కూతురి గౌన్లకే చేరతాయి కాబట్టి ఆ పిల్ల వంటి మీద ఒకలాంటివి రెండు గుండీలు ఎప్పుడూ ఉండవు. అందుకే ఆ పేరు. లేపి చదవమంటే ప్రాణాలు తోడేస్తుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతుంది, మళ్ళీ వెనక్కి వెళ్తుంది, రెండో లైను దాటేలోపు గంట కొడతారు. టీచరు విసుగెత్తి "కూర్చో, కూర్చో" అంటుంది. కానీ పుస్తకం చూడాలి! రెండు నెలలుగా ఒక్కో పేజీ అచ్చు వేసినట్టుంది. నోరు తిరగని పిల్లకి చెయ్యి తిరిగింది, రేపు నోరూ తిరుగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి ఆ హెడ్మాస్టరుకి?

మంగళవారం పిల్లలు వెళ్ళిపోయాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. ఏ పేజీ చూపిస్తే బాగుంటుందా అని ముచ్చటగా తిప్పుతోంది. అంతలో ఒకచోట కన్ను ఆగిపోయింది.

"కాకి చెట్టు మీద వాలింది 35 దాని నోట్లో పుల్ల ఉంది."

ముప్ఫై అయిదేమిటి? పాఠ్యపుస్తకం తీసి చూసింది. కాకి వాలడం ముప్ఫై అయిదో పేజీ చివర. పుల్ల సంగతి తర్వాతి పేజీలో. మధ్యలో ఉన్నది పేజీ నంబరు. దాన్నీ వదలకుండా, వరస తప్పకుండా, అందంగా రాసేశారు. చదువుతూ రాసేవాళ్ళెవరూ ఈ తప్పు చెయ్యరు. ఎనిమిదేళ్ళ పిల్లయినా చెయ్యదు.

ఇక ముచ్చట ఎక్కడిది? టీచరు కళ్ళద్దాలు తుడుచుకుని ఆ పేజీని మొహానికి ఆనించుకుంది. ఐదో లైను దగ్గర అసలు సంగతి బయటపడింది. అక్షరాలన్నీ నీలం సిరా. వాటి తలకట్లు మాత్రం లైను మధ్య దాకా నీలం, అక్కణ్ణుంచి నలుపు. అంటే రాసినవాళ్ళు ముందు లైనులోని అక్షరాలన్నిటికీ ఒళ్ళు గీసేశారు. తర్వాత మొదటికొచ్చి వరసగా తలకట్లు పెట్టుకుంటూ పోయారు. సగంలో పెన్ను అయిపోతే ఇంకో పెన్ను తీసుకున్నారు. ముందు గోడలన్నీ కట్టేసి, ఆ తర్వాత వీధి వీధంతా ఒకేసారి కప్పులేసినట్టుంది వ్యవహారం. ఏ పిల్లా అలా రాయదు. అసలు మనిషన్నవాళ్ళెవరూ అలా రాయరు.

అంతకన్నా ఆవిడని కలవరపెట్టింది మరొకటి ఉంది. య వత్తు వచ్చినచోటల్లా దాని తోక ఒయ్యారంగా సాగి పక్క అక్షరం కింది దాకా వెళ్తోంది. పాఠ్యపుస్తకంలో అలాంటి తోక లేదు. ఆ తోకని ఆవిడ ఎక్కడో చూసింది. బాగా తెలిసిన చెయ్యి. ఎవరిదో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. రెండు నెలలుగా తన కళ్ళలో దుమ్ము కొడుతున్న ఆ మనిషెవరో తనకి తెలిసినవాళ్ళే అన్న ఆలోచన ఆవిడని నిలవనీయలేదు.

బుధవారం పొద్దున్నే గుండీని బల్ల దగ్గరికి పిలిచింది.

"ఇది ఎవరు రాశారే?"

"నేనే టీచర్," అంది గుండీ, తన కాలి బొటనవేలికి చెబుతున్నట్టు.

"తలకట్లు ఎప్పుడు పెడతావు?"

"పైన టీచర్."

"ఎక్కడని అడగలేదే, ఎప్పుడని అడిగాను."

టీచరు సుద్దముక్క చేతికిచ్చి బోర్డు మీద ఒక వాక్యం రాయమంది. పిల్ల ఒక అక్షరం రాసి, దానికి తలకట్టు పెట్టి, పెదవులు కదిపి, ఇంకో అక్షరం రాసింది. వాక్యం కొండ ఎక్కుతున్నట్టు పైకి పోయింది. య వత్తుకి తోక కాదు కదా, మొలక కూడా లేదు. "వెళ్ళి కూర్చో. రేపటి నుంచి నువ్వు నా ముందే రాయాలి. లేకపోతే వరండానే," అంది టీచరు. ఆ మాటకి పిల్ల మొహం పాలిపోయింది. దాన్నీ నటనే అనుకుంది ఆవిడ.

మొదటి అనుమానం బడి ఎదురు సందులో ట్యూషన్లు చెప్పే ముసలాయన మీదికి పోయింది. పిల్లల ఇంటిపనులు ఆయనే చేసి పంపిస్తాడని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా ఈవిడే అనుకోండి. సాయంత్రం వెళ్ళి, ఏదో అడ్రసు కావాలన్నట్టు అడిగి, ఓ చీటీ మీద రాసిమ్మంది. ఆయన తన ట్యూషన్ పిల్లల్ని ఈవిడ లాక్కుపోవడానికి వచ్చిందేమోనని పైనుంచి కిందికి చూసి, అడ్రసు ఇవ్వాలా వద్దా అని కాసేపు తటపటాయించి రాసిచ్చాడు. చీమలు నడిచినట్టుంది రాత. ఇద్దరూ ఒకర్నొకరు నమ్మకుండానే నమస్కారాలు పెట్టుకుని విడిపోయారు.

ఇక మిగిలింది తల్లి. ఆలోచించిన కొద్దీ ఆ తల్లి మీద అనుమానాలు ఒకదాని మీదొకటి పేరుకున్నాయి. ఒక్క మీటింగుకీ రాదు. ఎప్పుడు కబురు పెట్టినా "పనుంది" అని కూతురిచేత చెప్పించేది. డైరీలో సంతకం మాత్రం చిత్తరువులా ఉంటుంది. బాగా చదువుకున్నది, బాగా పొగరున్నది అయ్యుంటుందని తేల్చుకుంది టీచరు. గురువారం బడి వదలగానే స్టాఫ్ రూము కర్టెన్ ఒకటి ఊడదీసి సంచిలో పెట్టుకుని బయల్దేరింది. అంచు కుట్టించే వంకతో రాత సంపాదించాలని ఆవిడ ఎత్తు.

కుట్టుషాపు అంటే ఇంటి ముందుగది. కిటికీ కింద మిషను, పక్కన కత్తిరింపుల బల్ల. గోడ నిండా మేకులకి గోధుమరంగు కాగితం కత్తిరింపులు, చేతులు వేరు, కాలర్లు వేరు, వేలాడుతున్నాయి. అల్మరాలో మూటలు కట్టిన బట్టలు. బల్ల కింద గుండీ చతికిలబడి డబ్బాలోని గుండీలని రంగు రంగుగా ఏరుతోంది. టీచర్ని చూడగానే దాని చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది.

తల్లి మిషను ఆపి గబుక్కున లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. బల్ల మీదున్న దేన్నో చేతికందిన గుడ్డతో కప్పేసింది. ఆ కప్పడాన్ని టీచరు చూడనే చూసింది.

"ఈ కర్టెన్ అంచు కుట్టాలమ్మా. కొలతలు రాసిపెట్టుకోండి," అంది.

"గుర్తుంటాయి టీచర్."

"ఇన్ని బట్టల్లో ఎలా గుర్తుంటాయి? కనీసం నా పేరైనా రాసి పెట్టండి."

ఆమె పేరు రాయలేదు. దారాల పెట్టె తెరిచి, కాసేపు వెతికి, ఆకుపచ్చ దారం ఒకటి తుంచి కర్టెన్ మూలకి ముడి వేసింది. "ఇది ఇక మీ దారం టీచర్. ఎవరి దారం వాళ్ళకే. ఇంకెవరికీ కట్టను," అంది. టీచరు అల్మరా వైపు చూసింది. నిజమే, ఒక్క మూట మీదా చీటీ లేదు. పసుపు, ఊదా, తెలుపు, రెండు పేటలు మెలేసిన దారాలు వేలాడుతున్నాయి. అబ్బో, గట్టిదే, తన రాత ఎక్కడా బయటపడకుండా ఎంత జాగ్రత్త పడుతోందో అనుకుంది భూతద్దం.

ఇంక ఎత్తులతో లాభం లేదని పుస్తకం తీసి బల్ల మీద పడేసింది.

"ఇది మీరే రాశారు కదూ?"

తల్లి కూతురి వంక చూసింది. కూతురు గుండీల వంక చూసింది.

"అవును టీచర్," అంటూ తల్లి బల్ల మీది గుడ్డ తీసింది. దాని కింద గుండీ పాఠ్యపుస్తకం ఉంది.

పెద్ద యుద్ధానికి సిద్ధపడి వచ్చిన టీచరుకి గాలి తీసేసినట్టయింది. అయినా వదల్లేదు. "సిగ్గుగా లేదూ? చదువుకున్న మీరే పిల్లనిలా పాడుచేస్తే ఇంక చదువురానివాళ్ళని ఏమనాలి?"

"నాకు చదవడం రాదు టీచర్."

"ఎవరికమ్మా ఈ కబుర్లు? చదవడం రాకుండానే ఇంత చక్కగా రాస్తారా?" అని పుస్తకం తెరిచి ఒక అక్షరం మీద వేలు పెట్టింది. "ఇదేంటో చెప్పండి చూద్దాం."

తల్లి వంగి చూసింది. "దీనికి కింద చిన్నగా చుట్టి, తోకని పక్కదాని కిందికి పంపాలి. పైన టిక్కు పెట్టాలి. టిక్కులన్నీ లైను అయ్యాక పెడితే ఒక్క ఎత్తులో వస్తాయి. గుండీలు కూడా అంతేగా, చొక్కా అంతా అయ్యాకే వరసన కుడతాం."

"ఎలా గీస్తారని కాదు. దాన్ని ఏమని పలుకుతారు?"

"అది తెలీదు టీచర్."

ఆమె మొహంలో దొంగతనం ఎక్కడైనా దొరుకుతుందేమోనని టీచరు చాలాసేపు వెతికింది. దొరకలేదు. మొదటిసారి ఆవిడకి భయం వేసింది. "ఆ తోక," అంది గొంతు తగ్గించి, "ఆ తోక ఎవరు నేర్పారు మీకు?"

"మీరే."

తల్లి బల్ల ఎక్కి, అల్మరా పైఅరలో కాగితం కత్తిరింపుల అడుగునుంచి ఒక పాత నోటుబుక్కు తీసింది. గుడ్డతో అట్ట కుట్టి ఉంది. టీచరు తెరిచింది. ప్రతి పేజీ అచ్చు వేసినట్టుంది, ప్రతి య వత్తుకీ తోక ఉంది. ప్రతి పేజీ కిందా ఎర్ర సిరాతో టిక్కు ఉంది. ఆ టిక్కు ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తోకా ఎవరిదో అప్పుడే తెలిసింది. పదిహేనేళ్ళ కిందట బడి మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగేదాకా ఆవిడ బోర్డు మీద అలాగే రాసేది. ఎముక అతుక్కున్నాక తోక తిరగలేదు, మానేసింది. ఊరంతా దొంగ కోసం వెతికింది, చివరికి దొరికింది తన చేతిరాతే.

"నువ్వు... నా క్లాసులో..." అంది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆవిడకే తెలీదు.

"కిటికీ పక్క బల్ల టీచర్. మీకు గుర్తుండదులెండి, నేనెక్కువ వరండాలోనే ఉన్నా. ఇంట్లో రాయించేవాళ్ళు లేరు. మీరు లోపల చదివించేటప్పుడు నేను బయట నిలబడి కిటికీలోంచి బోర్డు చూసేదాన్ని. మీరు రాసేది కనపడేది. పలికేది వినపడేది కాదు." తల్లి ఇవేవీ నిష్ఠూరంగా చెప్పలేదు, ఎవరిదో కొలత చెప్పినట్టు చెప్పింది. "అలా చూసి చూసి బొమ్మల్లా గీయడం వచ్చేసింది. ఇంటిపని తేవడం మొదలెట్టాను. లోపల కూర్చోబెట్టారు. అప్పటికి మిగతావాళ్ళకి చదవడం వచ్చేసింది. పుస్తకం బాగుంది కదా అని నన్ను లేపి మీరెప్పుడూ చదవమనలేదు. అలాగే ఐదో తరగతి దాకా పాసయ్యాను."

"మరి తెలిసి తెలిసి దీనికెందుకు రాసిచ్చావే?"

"దీన్ని వరండాలో నిలబెడతారని టీచర్. పాపం ఒక పేజీ రాసేసరికి దీనికి తెల్లారుతుంది. నేను రాసిస్తే లోపల కూర్చుంటుంది. లోపలుంటే మీరు చెప్పేది వినపడుతుంది కదా."

టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది. సిగ్గేసింది. అలాంటి సిగ్గు ఆవిడకి కొత్త, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రతి పేజీనీ అంత దగ్గరగా పెట్టుకుని చూసింది, పేజీ వెనకున్న పిల్లని చూడలేదు.

"ఒకటి అడగనా టీచర్?" అంది తల్లి. పాత పుస్తకం చివరి పేజీ తిప్పింది. అక్కడ టిక్కు కింద ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. "ఇదేదో రాశారు మీరు. ఎవర్నైనా అడిగితే నాకు చదవడం రాదని తెలిసిపోతుంది కదా, అందుకని అడగలేదు. తిట్టారేమో అనిపించేది ఒక్కోసారి. ఏం రాశారు?"

టీచరు చూసింది. చదవడానికి కళ్ళద్దాలు సర్దుకుంది.

బల్ల కిందనుంచి గుండీ పాకుతూ వచ్చింది. తల్లి మోచేతి కిందనుంచి తల దూర్చి ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది. "చా... లా..." అంది. వెనక్కి వెళ్ళింది. "చాలా. బా... గుం... బాగుంది." ఊపిరి పీల్చుకుంది. టీచరు ఈసారి కూర్చోమనలేదు. వేలు తర్వాతి మాట దగ్గరికి జరిగేదాకా కదలకుండా చూసింది. ఆగడం, వెనక్కి వెళ్ళడం, పెదవులు కదపడం, రోజూ తనకి విసుగు పుట్టించిన ఆ నత్తనడక చదవడమేనని, ఈ పిల్లకి నిజంగా చదువు వస్తోందని ఆవిడకి అప్పటికి అర్థమైంది.

"ఇ... లా... గే. ఇలాగే. రా... స్... రాస్తూ. ఉం... డు." గుండీ తలెత్తింది. "చాలా బాగుంది. ఇలాగే రాస్తూ ఉండు. అంతేనమ్మా."

తల్లి మొహం విప్పారింది. "తిట్టలేదన్నమాట!" అంది. తర్వాత టీచరు వైపు తిరిగి, మెచ్చుకుంటారని ఎదురుచూసే పిల్లలా, "అలాగే రాస్తున్నా కదా టీచర్, ఇన్నేళ్ళూ," అంది.

టీచరు కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. రేపు శుక్రవారం. ఒక్క పిల్లని చూపించమన్నాడు హెడ్మాస్టరు.

"ఈ పుస్తకం రేపొక్కరోజు నాకిస్తావా అమ్మా?" అంది చివరికి.

"పోగొట్టకండి టీచర్," అంటూ తల్లి దారాల పెట్టె దగ్గరికి లాక్కుంది. ఆ గదిలోంచి ఏదీ దారం లేకుండా బయటికి పోదు. వేళ్ళతో రంగులు కెలుకుతూ అడిగింది. "ఎవరి దారం కట్టను దీనికి? నాదా?"

"కాదు," అంది టీచరు. "ఆ ఆకుపచ్చదే కట్టు. అది నా పనే."